పులికాటా, కోరింగా? కడప నుంచి వెళ్లేవాళ్లకు ఏది మేలు

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే కడప, రాజంపేటల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: పక్షులు చూడటానికి పులికాట్ సరస్సుకు పోవాలా, మడ అడవి చూడటానికి కోరింగ పోవాలా? దగ్గర మాత్రం పులికాటే. కడప నుంచి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట దాదాపు 200 కిలోమీటర్లు. కోరింగకైతే రాత్రంతా రైల్లో కూర్చుని సామర్లకోటలో దిగి, కాకినాడ దాటి పోవాలి. అయినా తేల్చేది దూరం కాదు, నీళ్లు.

పులికాట్‌లో లోతు తక్కువ. ఈశాన్య రుతుపవనాల వానకు నిండి, ఎండాకాలానికి ఉత్తరపు భాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. రాజహంస (ఫ్లెమింగో) తల కిందికి వంచి, ముక్కుతో నీటిని వడగట్టి తింటుంది. అందుకని దానికి కాళ్లు ఆనే లోతే అనుకూలం. డిసెంబరు తుఫానుకు సరస్సు నిండిందా, మంద సరస్సు మీదుగా పోయే రోడ్డుకు దూరంగా జరుగుతుంది. నీళ్లు తీసేకొద్దీ దగ్గరికొస్తుంది. వానలు తప్పిన ఏడు జనవరికే బురద తేలుతుంది. మామూలు ఏడైతే జనవరి నడిమి నుంచి నెల రోజులు మంచి అదను.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే తూర్పుకు పోతుంది. చలికాలపు పొద్దు దక్షిణంగా నడుస్తుంది కాబట్టి ఎడమచేతి వైపు, అంటే ఉత్తరాన ఉన్న పక్షులే స్పష్టంగా కనబడతాయి. పది దాటితే ఎండమావులు లేచి, దుర్భిణీలో కూడా రంగులు చెదురుతాయి. బురదలోకి దిగొద్దు: కాలు కూరుకుపోతుంది, మంద లేచిపోతుంది. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గేటు దాటాలంటే అనుమతి ఉండాలి, కానీ పక్షులకు గేటు దాకా పోనక్కర్లేదు.

సాయంత్రం నేలపట్టు పక్షుల కేంద్రం. సూళ్లూరుపేటకు ఉత్తరంగా 20 కిలోమీటర్లు. అక్టోబరు నుంచి గూళ్లు పెట్టే గూడబాతులు (పెలికాన్లు) పులికాట్‌లో మేసి, పిల్లలకు చేపలు మోసుకొస్తాయి. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువేనని అక్కడి రైతులకు తెలుసు. మన లంకమల కలివికోడిలా దాక్కునే రకం కాదివి, టవరెక్కితే చాలు.

కోరింగలో పోటు వేళ తెలియకుండా పోతే చెట్లు చూసి రావడమే. పోటు మీద పడవ పాయల్లోకి పోతుంది. ఆటుకు బురద బయటపడి పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, కనుక రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. నీటికుక్క అదృష్టం ఉంటే కనబడొచ్చు. బావురుపిల్లి రాత్రిపూట తిరిగేది, ఆశ పెట్టుకోవద్దు.



ఒక్క రోజే ఉంటే పులికాట్, నేలపట్టు. ఏప్రిల్, మే సెలవులైతే మాత్రం కోరింగకే పోండి. అప్పటికి పులికాట్ ఉత్తరపు భాగం చాలావరకు ఎండిపోతుంది, మడ పాయలకు పోటు నీళ్లు ఏడాదంతా వస్తాయి.