బిందెల సిరీస్‌కి ఏది మేలు: ఆయిలా, ఆక్రిలిక్కా, వాటర్ కలరా?

మద్రాసు చూళైలో నా అద్దె గది గోడకి ఆనించి ఏడు బొమ్మలున్నాయి. ఏడింట్లోనూ బిందెలే. మూడు ఆయిల్‌లో, మూడు ఆక్రిలిక్‌లో, ఒకటి కాగితం మీద వాటర్ కలర్‌లో. ఆర్ట్ కాలేజీ ఫైనల్ ఇయర్ డిస్‌ప్లేకి పన్నెండు పెట్టాలి. పోయిన వారం మా సార్ వచ్చి అన్నీ వరసగా చూసి, "విడివిడిగా బానే ఉన్నాయమ్మా. పక్కపక్కన పెడితే ముగ్గురు వేసినట్టున్నాయి" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగతా ఐదూ దేంతో వెయ్యాలో తేల్చుకుందామని ఏడింటినీ మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను.

బిందెలే ఎందుకంటే, మాది నెల్లూరు వైపు రాపూరు దగ్గర పల్లె. కండలేరు డ్యామ్ మాకు దగ్గరే. మద్రాసుకి కృష్ణా నీళ్ళిచ్చే తెలుగుగంగ ఒప్పందం 1983లో అయింది, ఆ నీళ్ళు కండలేరు మీదుగా మద్రాసు దగ్గరి పూండి చెరువుకి మొదటిసారి 1996లో చేరాయి. అంటే నేను పుట్టకముందే మా వైపు నీళ్ళు మద్రాసు వచ్చేశాయి, నేను వెనకాల వచ్చాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే కిటికీ తీస్తే, నీళ్ళ లారీ కోసం వీధి పొడుగునా ప్లాస్టిక్ బిందెలు. ఆకుపచ్చ, నారింజ, నీలం, పసుపు. మనుషులు ఒకరో ఇద్దరో, బిందెలు మాత్రం నలభై. వాళ్ళ బదులు అవే క్యూలో నిలబడ్డాయి. పక్కింటి అక్క తెలుగావిడే, మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. 2019 ఎండాకాలంలో చెరువులన్నీ ఎండిపోయినప్పుడు అర్ధరాత్రి రెండింటికి లేచి బిందె పెట్టి వచ్చేదాన్నని చెబుతుంది. ఆ జూలైలోనే జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైల్లో 25 లక్షల లీటర్ల నీళ్ళు తెచ్చారు. అక్కకి ఆ లెక్క గుర్తులేదు. తన నారింజ బిందె ఎవరో మార్చేసుకున్న సంగతి మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది.

సరే, రంగుల సంగతికి వద్దాం.

మొదటి మూడూ ఆయిల్‌లో ఎందుకు వేశానంటే, నిజం చెప్పాలంటే, గౌరవం కోసం. మా క్లాసులో ఆయిల్ వేసేవాళ్ళని చూసే చూపు వేరు. మొదటిది మా అమ్మమ్మ ఇత్తడి బిందె. చింతపండుతో తోమి ఎండలో బోర్లిస్తే దాని పొట్ట మీద వాకిలి, వేపచెట్టు, తలుపులో నిలబడ్డ మనిషి, అన్నీ వంకరగా కనిపిస్తాయి. ఆ నీడలకి అంచు ఉండదు, పసుపు ఎక్కడ ఆగి గోధుమరంగు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. ఆయిల్‌లో అది వస్తుంది. పొద్దున వేసిన రంగు సాయంత్రానికీ తడిగానే ఉంటుంది కాబట్టి పొడి బ్రష్‌తో మెల్లగా రుద్దితే ఒకదాంట్లోకి ఒకటి జారుతుంది. ఆ బొమ్మ విషయంలో నాకు అనుమానం లేదు. ఆక్రిలిక్‌లో వేసుంటే అది ఇత్తడి అయ్యేది కాదు, ఇత్తడి రంగు పూసిన రేకు అయ్యేది.

తర్వాత రెండూ ఆయిల్‌లోనే వేసిన ప్లాస్టిక్ బిందెల వరస. అక్కడ మొదలైంది కష్టం. ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు. అందులో అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడాలి. అంబర్ రకం గోధుమరంగులు రెండు మూడు రోజుల్లో ఆరతాయి, కాడ్మియం ఎరుపు, నారింజ మాత్రం మొండికేస్తాయి. నా బిందెలన్నీ ఆ మొండి రంగులే! పైగా అది నవంబరు, వాన. కింద పొర పలచగా, పైకి పోయేకొద్దీ నూనె ఎక్కువగా ఉండాలన్న రూలు ఒకటుంది. అది తారుమారైతే ముందుముందు పగుళ్ళిస్తుంది. ఆరకుండా పై పొర వెయ్యలేను, వెయ్యకుండా కూర్చోలేను. టర్పెంటైన్ వాసనకి ఇంటి ఓనరమ్మ పైనుంచి దిగి వచ్చి "ఏంటిది, ఇల్లా పెట్రోల్ బంకా?" అని అడిగింది. కిటికీ తీస్తే వాసన పోయింది, దోమలొచ్చాయి. పసుపు బిందె మూతి దగ్గర ఇప్పటికీ ఒక దోమ ఉంది. తీస్తే రంగు చెడుతుందని వదిలేశాను.

అయితే ఆయిల్ ఆలస్యాన్ని ఊరికే తిట్టకూడదు. సిరీస్ వేసేవాళ్ళకి ఆ ఆలస్యంలో ఒక లాభముంది. ఒకటి ఆరేదాకా ఇంకోటి, అది ఆరేదాకా మూడోది ఎత్తుకోక తప్పదు. నాలుగైదు కాన్వాసులు ఒకేసారి నడుస్తాయి, ఒకదాని మీద కలిపిన రంగు మిగిలి పక్కదాని మీదికి పోతుంది, తెలియకుండానే చుట్టరికం కలుస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాములు వేసినప్పుడు వెలుగు మారినకొద్దీ కాన్వాసులు మార్చుకుంటూ వేశాడు. 1891లో పారిస్‌లో పదిహేను వాములు ఒకచోట పెట్టి చూపించాడు. నేను ఆక్రిలిక్‌లో వేసిన మూడింటికీ ఆ చుట్టరికం లేదు. ఒకటి పూర్తి చెయ్యడం, పక్కన పెట్టడం, కొత్తది మొదలుపెట్టడం. అవి పూర్తయిన తేదీలు మాత్రమే దగ్గరగా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో ఆయిల్‌దే పైచెయ్యి అని ఒప్పుకుంటున్నాను.

మరి ఆక్రిలిక్? నీళ్ళతో కలుపుకునే ఆక్రిలిక్ రంగులు 1950ల నడుమ అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. అందులో రంగుపొడిని పట్టి ఉంచేది ప్లాస్టిక్ జాతి పాలిమర్. ఇది క్లాసులో ఎప్పుడో రాసుకున్నదే, కానీ ఒకరోజు పాలెట్ మీద ఎండిపోయిన రంగు గోరుతో లాగితే బెలూన్ ముక్కలా సాగుతూ వచ్చింది. అప్పుడు తట్టింది: నేను ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌తోనే వేస్తున్నాను. ఆయిల్‌లో వేసిన ఆకుపచ్చ బిందె ఎంత బాగున్నా పచ్చ రాయిలా బరువుగా ఉంది. ఆక్రిలిక్‌లో వేసినదాన్ని ఒంటి చేత్తో ఎత్తొచ్చనిపిస్తుంది.

ఇంకో సంగతి దగ్గరగా చూస్తేనే కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి ఎండ బిందె వెనకనుంచి తగిలినప్పుడు, నీళ్ళున్నంత మేర ముదురుగా, పైన ఖాళీగా ఉన్నచోట లేతగా, ఆ రెంటి మధ్య సన్నగా మెరిసే గీత ఒకటి కనబడుతుంది. ఎవరి బిందె ఎంత నిండిందో బయటనుంచే తెలిసిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే పలచటి గ్లేజులు, అంటే కింది రంగు కనబడే పారదర్శకమైన పూతలు, పొర మీద పొర వెయ్యాలి. నారింజ బిందెకి రంగుని అలా పలచన చేసే గ్లేజింగ్ మీడియం కలిపి ఏడు పొరలు వేశాను. ఒక్కోటి ఆరడానికి పది పదిహేను నిమిషాలు. మధ్యలో రెండుసార్లు టీ తాగొచ్చాను, సాయంత్రానికి బిందెలో నీళ్ళు నిలబడ్డాయి. ఆయిల్‌లో అదే పనికి ఎన్ని వారాలు పట్టేదో లెక్కేసుకుని నవ్వుకున్నాను.

ఆక్రిలిక్‌కీ దాని పేచీలు దానికున్నాయి. తడిలో పాలలా ఉండే మీడియం ఆరాక అద్దంలా తేటబడుతుంది, దాంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది. కలిపినప్పటి రంగు నమ్మి మోసపోవడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు కాగితం ముక్క మీద పూసి, ఆరాక చూసి, అప్పుడు కాన్వాస్ మీదికి పోతున్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద పాలెట్ మీదే ఎండిపోతుంది. తడిగుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి రంగు పెట్టుకుంటే కొంచెం నయం. బ్రష్ కడగడం మర్చిపోతే అది ఇక బ్రష్ కాదు, పుల్ల.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ వేరే. చోటు లేక పోయిన మేలో రెండు ఆక్రిలిక్ కాన్వాసుల్ని ముఖానికి ముఖం ఆనించి బీరువా వెనక పెట్టి ఊరెళ్ళాను. వచ్చి తీద్దును కదా, అతుక్కుపోయాయి. ఆ పొర వేడికి మెత్తబడి అంటుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మెల్లగా లాగుతుంటే చర్రుమని శబ్దం. ఒకదాని నీలం చెక్కు లేచి రెండోదాని పసుపు మీద కూర్చుంది. ఒకటి బాగుచేశాను. రెండోదానికి పక్కనుంచి లైటు పడితే ఇప్పటికీ మచ్చ తెలుస్తుంది. మద్రాసు ఎండాకాలంలో ఆక్రిలిక్ దాచుకునేవాళ్ళు మధ్యలో బేకింగ్ కాగితం లాంటిది, అదీ సిలికాన్ పూతదైతే మంచిది, పెట్టుకోండి. లేదా నిలువుగా ఎడం ఎడంగా పెట్టండి.

ఆక్రిలిక్ అంటే పోస్టర్లకే అని చిన్నచూపు చూసేవాళ్ళు తోట వైకుంఠం బొమ్మల ముందు ఒకసారి నిలబడాలి. ఆ తెలంగాణ ఆడవాళ్ళ పసుపు ముఖాలు, ఎర్ర చీరలు దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నారు. ఆ గట్టి చదును రంగుకి ఆక్రిలిక్ ఎంత నప్పిందో చూడండి. ఒకే విషయాన్ని ఎన్నేళ్ళు వెయ్యొచ్చు అనే నా టెన్షన్ కూడా అక్కడ కాస్త తగ్గింది.

వాటర్ కలర్ గురించి ఎక్కువ చెప్పను. రాజమండ్రి గ్యాలరీలో దామెర్ల రామారావు బొమ్మలు చూసినప్పటి నుంచి దాని మీద నాకు భయం, గౌరవం రెండూ ఉన్నాయి. ఆయన 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే పోయారు. వీధిలో కూర్చుని పది నిమిషాల్లో బిందెల వరస పట్టుకోవడానికి వాటర్ కలర్‌ని మించింది లేదు. కానీ ఈ సముద్రపు గాలికి కాగితం ఉబ్బుతుంది, బూజు మచ్చలొస్తాయి, డిస్‌ప్లేకి అద్దం ఫ్రేము కట్టించాలి, దానికి డబ్బులు కావాలి. పైగా ప్లాస్టిక్ రంగు అరుస్తుంది, వాటర్ కలర్ గొంతు చిన్నది. స్కెచ్‌బుక్కులోనే ఉండనిద్దాం.

ఇంతదాకా లెక్క తేలినట్టే ఉంది. కానీ ఏడింటినీ నేల మీద పరిచి, రంగులు కాసేపు మర్చిపోదామని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌గా ఫోటో తీశాను. అప్పుడు కూడా ముగ్గురు వేసినట్టే ఉంది! అంటే తేడా రంగులోది ఒక్కటే కాదు. చాలాసేపు చూస్తే తెలిసింది. ఆయిల్‌లో వేసిన రెండు వరసలూ ఫోన్ ఫోటోలు చూసి వేసినవి. నేను నిలబడి తీసిన ఫోటోలవి, అందుకే బిందెల మూతులు పెద్ద గుడ్డులా తెరుచుకుని పైకి చూస్తున్నాయి. ముందున్న బిందె కెమెరా వల్ల లావైంది. ఆక్రిలిక్ మూడూ వీధి అరుగు మెట్టు మీద చతికిలబడి గీసుకున్న స్కెచ్‌ల నుంచి వచ్చాయి. వాటిలో మూతి ఒక సన్నటి గీతే, బిందెలు నా కంటికి ఎదురుగా మనుషుల్లా నిలబడ్డాయి. అమ్మమ్మ ఇత్తడి బిందె కూడా అంతే, నేల మీద కూర్చుని వేసిందే. సార్ చూసిన ముగ్గురిలో ఇద్దరు నిలబడ్డ నేనూ, కూర్చున్న నేనూ.

ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం మ్యూజియానికి వెళ్ళినప్పుడు, ఆ గ్రామాన్ని మొదలుపెట్టిన చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1963లో మొదలుపెట్టిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' బొమ్మల ముందు ఇదే గమనించాల్సింది. జాతకచక్రాల్లాంటి గళ్ళు, చదవడానికి రాని అక్షరాలు. ఏ బొమ్మకి ఏ రంగన్నది తర్వాత, ముందు ఆ చేతిరాత చూడగానే గుర్తుపట్టేస్తాం. నేను అప్పుడు దగ్గరికెళ్ళి రంగు ఎంత మందంగా ఉందో చూసి వచ్చేశాను.

కాబట్టి ఇప్పుడు నా లెక్క ఇది. ప్లాస్టిక్ బిందెలన్నీ ఆక్రిలిక్‌లో, కూర్చున్న కంటి ఎత్తు నుంచి, అన్నీ రెండడుగులు మూడడుగుల కాన్వాస్ మీద, బిందె మూతి గీత ప్రతిదాంట్లోనూ కింద నుంచి ఒకే ఎత్తులో. ఇత్తడి బిందె ఆయిల్‌లోనే ఉంటుంది, దానికి తోడు ఇంకొకటి, ఆక్రిలిక్ అడుగుపొర మీద ఆయిల్‌తో. ఆ వరస పర్వాలేదు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వేస్తేనే ఊడొస్తుంది. ఆయిల్ నుంచి నేర్చుకున్నది ఒకటి మాత్రం ఆక్రిలిక్‌కి అరువు తెస్తున్నాను: నాలుగు కాన్వాసులు ఒకేసారి మొదలుపెట్టి, ఒకే పాలెట్‌తో తిప్పి తిప్పి వెయ్యడం. ఫోటో చూసి వేసిన రెండూ, వాటర్ కలరూ పక్కకి. దోమ ఉన్న బొమ్మ కూడా పోయింది, దానికి కొంచెం బాధగా ఉంది. ఐదు వెయ్యాలనుకుని కూర్చుంటే ఎనిమిదయ్యాయి.

మీకు వేరే తేలొచ్చు. ముఖాలో, ఒంటి రంగో వేసేవాళ్ళయితే, గాలాడే గదీ ఆరేడు నెలల టైమూ ఉంటే, నేనైతే ఆయిలే అంటాను.

నాలుగు కాన్వాసుల్లో మొదటిదాన్ని ఆదివారం గుమ్మం దగ్గర పెట్టుకుని వేస్తుంటే లారీ వచ్చింది. అక్క బిందె వరసలో పెట్టి వచ్చి నా వెనక నిలబడింది.

"ఈ రెండోది మాదే కదా పాపా?"

"అవునక్కా."

"మరి అతుకేదీ? మూతి కింద కాల్చి అతికించాం కదా, నల్లగా ఉంటది."

వెళ్ళి చూసొచ్చాను. చిటికెన వేలంత మచ్చ, పగులు మీద వేడి ఇనప కడ్డీ పెట్టి కరిగించింది. ముదురు అంబర్‌లో కొంచెం నీలం కలిపి, సన్న బ్రష్‌తో పెట్టాను. అక్క బిందె నింపుకుని వెళుతూ ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.