మొదటి బౌలింగ్ బాల్ కొంటున్నారా? "అన్ని లేన్లకీ పనిచేస్తుంది" అంటే నమ్మకండి

ఫ్రెండ్స్, పిన్స్ పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్ లీగ్‌లో కొత్తగా చేరి సొంత బాల్ కొందామనుకుంటున్న వాళ్ళు ఇది ఒక్కసారి చదివి ఆ తర్వాత డబ్బులు కట్టండి. నేను మార్చిలో ఆన్‌లైన్‌లో కొన్నా, 14 పౌండ్లది, ఎంట్రీ లెవెల్ రియాక్టివ్ పెర్ల్ (రియాక్టివ్ అంటే డ్రై లేన్‌ని బాగా పట్టే పై పొర, పెర్ల్ అంటే అందులో ఆయిల్ మీద ఎక్కువ జారి చివర్లో తిరిగే రకం), "డ్రిల్లింగ్ (వేళ్ళకి రంధ్రాలు చేయడం) ఫ్రీ, అన్ని లేన్ కండిషన్లకీ సరిపోతుంది, బిగినర్స్‌కి బెస్ట్" అని రాసి ఉంది, 119 డాలర్లు. ఇప్పటికి దాని మీద నాకు అయిన ఖర్చు 200 దాటింది, సమ్మర్ లీగ్ సగం అలాగే పోయింది. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే మాట రాసి అమ్మేవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు, ఒక్క పేరు చెప్తే మిగతావాళ్ళ దగ్గర కొనేయొచ్చు అనుకుంటారు.

ముందు అసలు విషయం చెప్తా. హైదరాబాద్‌లో మాల్‌లో ఆడినప్పుడు మనకి ఇచ్చే బాల్స్ ప్లాస్టిక్‌వి, ఏ లేన్ మీదైనా దాదాపు తిన్నగానే పోతాయి, అందుకే లేన్ మీద ఆయిల్ ఉంటుందని కూడా నాకు చాలాకాలం తెలీదు. ఇక్కడ డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి ఆఫీస్ వాళ్ళతో లీగ్‌లో చేరాకే తెలిసింది. ఫౌల్ లైన్ (బాల్ వదిలే చోట ఉండే గీత) నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, అడ్డంగా 39 బోర్డులు, అంటే సన్నటి పలకలు, కుడిచేతి వాళ్ళు కుడి అంచు నుంచి లెక్కపెడతారు. మెషీన్ ఆయిల్ వేసేది మొదటి 40 అడుగుల దాకానే, అటూ ఇటూగా. తర్వాతది డ్రై. బాల్ ఆయిల్ మీద జారుతూ వెళ్ళి, డ్రైలోకి రాగానే పట్టు దొరికి పిన్స్ వైపు వంపు తిరుగుతుంది. రోజూ జనం ఆడే మామూలు హౌస్ షాట్‌లో మధ్యలో ఆయిల్ ఎక్కువ, అంచుల్లో తక్కువ వేస్తారు, కాబట్టి బాల్ కొంచెం బయటికి పోయినా డ్రై దాన్ని లోపలికి తెచ్చేస్తుంది, లోపలికి పోతే ఆయిల్ దాన్ని మరీ తిరగనివ్వదు. అంటే మనం చేసే తప్పుల్ని లేనే సర్దేస్తోంది.

ఇక్కడే మోసపోయేది. అమ్మేవాళ్ళు పెట్టే వీడియోల్లో నేను చూసినవన్నీ ఫ్రెష్ హౌస్ షాట్ మీద తీసినట్టే ఉన్నాయి, వేసేవాడు మణికట్టు తిప్పి బాగా రెవ్స్ (బాల్ గిరగిరా తిరిగే వేగం) ఇచ్చేవాడు. అలాంటి చేతిలో ఏ బాల్ అయినా అందంగానే తిరుగుతుంది. నా మొదటి రెండు వారాలు కూడా అలాగే గడిచాయి, 10వ బోర్డు దగ్గర రెండో యారో (లేన్ మీద గురి కోసం ఉండే బాణం గుర్తు) మీంచి వేస్తే నేరుగా పాకెట్‌లోకి, అంటే మొదటి పిన్‌కీ దాని కుడి పక్క పిన్‌కీ మధ్యకి, ఒకరోజు స్కోర్ 178 కూడా వచ్చింది. మంచి బాల్ కొన్నా అని ఇద్దరు ఫ్రెండ్స్‌కి లింక్ కూడా పంపా, వాళ్ళలో ఒకతను ఈమధ్యే ఆర్డర్ పెట్టేశాడు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మే నుంచి సమ్మర్ లీగ్ మొదలైంది, అందులో స్పోర్ట్ ప్యాటర్న్‌లు (మన తప్పుల్ని సర్దని, కష్టమైన ఆయిల్ అమరికలు) మారుస్తూ వేస్తారు. మొదటి నాలుగు వారాలు 44 అడుగుల పొడవు, మధ్యలోనూ అంచులోనూ ఆయిల్ దాదాపు సమానం. ఇక నా బాల్ తిరగడం మానేసింది. 44 అడుగులు జారి, డ్రై దొరికేసరికి 16 అడుగులే మిగిలి, తిరగడం మొదలుపెట్టే లోపే పిన్స్ వచ్చేస్తున్నాయి. బాల్ పాకెట్‌కి తగిలినా కోణం లేక కుడివైపుకి తప్పుకుంటోంది, కుడి చివరి పది పిన్ నిలబడిపోతోంది. నేను చేతిలోనే తప్పు ఉందనుకుని ఇంకా గట్టిగా తిప్పబోయి మణికట్టు నొప్పి తెచ్చుకున్నా.

మా టీమ్‌లో ఇరవై ఏళ్ళుగా ఆడుతున్న ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన ఏమీ మాట్లాడకుండా బాల్స్ తిరిగొచ్చే రిటర్న్ మెషీన్ నుంచి నా బాల్ తీసి లైట్ కిందకి తెచ్చి చూపించారు. దాని మీద ఆయిల్ గీతలు ఉన్నాయి, వేళ్ళ రంధ్రాల పక్కన సన్నగా, ఒకదాని మీద ఒకటి పేరుకున్నట్టు, అన్నీ కలిపి చిటికెన వేలంత వెడల్పు కూడా లేదు. తర్వాత ఆయన బాల్ చూపించారు, గీతలు విడివిడిగా విసనకర్ర విప్పినట్టు పరుచుకుని ఉన్నాయి. కోర్ (బాల్ లోపలి బరువు ముద్ద) బలంగా ఉన్న బాల్ ప్రతి చుట్టుకీ కొత్త పొడి భాగం లేన్ మీద పెడుతుందట, నాది మాత్రం ఆయిల్ అంటిన చోటే మళ్ళీ మళ్ళీ దొర్లుతోంది. ఇది డిఫరెన్షియల్ అనే నంబర్‌లో ఉంటుంది, యూఎస్‌బీసీ (అమెరికాలో బౌలింగ్ నియమాలు పెట్టే సంస్థ) ఒప్పుకునే గరిష్ఠం 0.060, నా బాల్‌కి అందులో సగం కూడా లేదు. ఆ నంబర్ తయారీదారు స్పెక్ షీట్‌లో ఉంది, నేను కొన్న పేజీలో లేదు.

ఆ తర్వాత 35 అడుగుల షార్ట్ ప్యాటర్న్ వచ్చింది, ఇప్పుడు సమస్య పూర్తిగా రివర్స్. ప్యాటర్న్ పొడవులోంచి 31 తీసేస్తే బాల్ ఏ బోర్డు దగ్గర ఆయిల్ దాటాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది అంటారు కదా, 44కి 13, 35కి 4, అంటే గట్టర్ (లేన్ అంచున ఉండే కాలువ) పక్కనే ఆడాలి. పాలిష్ చేసిన పెర్ల్ డ్రైలోకి రాగానే ఒక్కసారిగా విరుచుకు తిరుగుతుంది, వెనకాల 25 అడుగుల డ్రై ఉంటే ఇంకేముంది, హెడ్ పిన్ (మొదటి పిన్) దాటి ఎడమవైపుకి, బ్రూక్లిన్ అని పిలిచే అవతలి పక్కకి పోతోంది. ఆ వారం మా టీమ్‌లో బాగా ఆడినవాళ్ళు ఒకరు యూరెథేన్ (రియాక్టివ్ కన్నా నిదానంగా తిరిగే పై పొర) బాల్‌తో, ఇంకొకరు మామూలు ప్లాస్టిక్‌తో ఆడారు.

బాల్‌లో మంచి లేదని మాత్రం అనను, ఉన్నదున్నట్టు చెప్పాలి. హౌస్ షాట్ మీద మూడో గేమ్‌కి వచ్చేసరికి అందరూ ఒకే దారిలో వేసి ఆయిల్ అరిగిపోతుంది, బలమైన బాల్స్ ముందుగానే తిరిగేసి శక్తి పోగొట్టుకుంటాయి, అప్పుడు ఇది చక్కగా ఆడుతుంది. 2000 గ్రిట్ (గరుకుదనం నంబర్) ప్యాడ్‌తో రుద్దించి పాలిష్ తీయించాక లాంగ్ ప్యాటర్న్ మీద కూడా కాస్త ముందు నుంచి పట్టు వచ్చింది. అయితే లీగ్ గేమ్స్ మొదలయ్యాక సర్ఫేస్ రుద్దడానికి వీల్లేదు, గేమ్ మధ్యలో పొడి టవల్‌తో తుడవడమే. ముందే నిర్ణయించుకోవాలి.

ఇంకో పెద్ద దెబ్బ డ్రిల్లింగ్. నా చేతి కొలతలు ఫారంలో నింపమన్నారు, నేను బట్టల టేపుతో కొలిచి ఇచ్చా. వచ్చిన బాల్‌లో బొటనవేలి రంధ్రం వదులు, స్పాన్ (బొటనవేలి రంధ్రం నుంచి మిగతా వేళ్ళ రంధ్రాల దాకా దూరం) కొంచెం ఎక్కువ. వదులుగా ఉంటే బాల్ జారిపోకుండా పిడికిలి బిగిస్తాం, బిగిస్తే టైంకి బొటనవేలు బయటికి రాదు, రెండో వారానికి వేలి కింద పక్క చర్మం ఊడి వచ్చేసింది. రిటర్న్ అడిగితే "డ్రిల్ చేసిన బాల్ వెనక్కి తీసుకోం, కొలతలు మీరిచ్చినవే" అని రెండు లైన్ల రిప్లై. అది వాళ్ళ పాలసీలో ఉందంటే ఉంది, కాదనను, కానీ చేతిని చూడకుండా డ్రిల్ చేసి పంపడమే తప్పు అని నా అభిప్రాయం. చివరికి ఇక్కడ ప్రో షాప్‌లో (బౌలింగ్ బాల్స్ అమ్మి, డ్రిల్ చేసే షాప్) రంధ్రాలు పూడ్చి, చెయ్యి కొలిచి, వేళ్ళ చివర్లు మాత్రమే లోపలికి వెళ్ళేలా ఫింగర్‌టిప్ గ్రిప్‌తో మళ్ళీ డ్రిల్ చేయించుకున్నా, దానికి 85 డాలర్లు. మొదటే వాళ్ళ దగ్గర కొనుంటే ఇంతకన్నా తక్కువ అయ్యేది.

కాబట్టి కొనేముందు అమ్మేవాళ్ళని ఇవి అడగండి: కవర్ (పై పొర) ఏంటి, ప్లాస్టికా, యూరెథేనా, రియాక్టివా, రియాక్టివ్ అయితే సాలిడా (పెర్ల్ కన్నా ముందే పట్టే రకం) పెర్లా, సర్ఫేస్ ఎంత గ్రిట్‌లో వస్తుంది, పాలిష్ ఉందా, డిఫరెన్షియల్ ఎంత. అంతకన్నా ముందు మీరు ఆడే సెంటర్‌లో ప్యాటర్న్ ఎంత పొడవో అడగండి, లీగ్ ఆడేవాళ్ళకి చాలాచోట్ల షీట్ ఇస్తారు. వీటికి జవాబు చెప్పకుండా "అన్నిటికీ పనిచేస్తుంది" అనే మాటే తిప్పి తిప్పి చెప్తే అక్కడ కొనొద్దు. నన్నడిగితే మొదటి డబ్బులు చేతికి సరిగ్గా డ్రిల్ చేయించిన ప్లాస్టిక్ బాల్ మీద పెట్టడం మంచిది, పది పిన్ స్పేర్‌కి, అంటే మిగిలిన ఆ పిన్‌ని రెండో బాల్‌తో పడగొట్టడానికి, అది ఎప్పటికీ పనికొస్తుంది, ఆరు నెలలు ఆడి మీ స్పీడ్ ఎంతో, చెయ్యి ఎంత తిరుగుతుందో తెలిశాక రియాక్టివ్ తీసుకోవచ్చు.

ఇంకోటి, టెక్సస్‌లో ఉన్నవాళ్ళు ఎండాకాలం బాల్‌ని కార్ డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి రియాక్టివ్ బాల్ పగిలే ప్రమాదం ఉంది. నాది ఇప్పుడు ఇంట్లో అల్మరాలో ఉంటోంది, మంగళవారం బ్యాగ్‌లో వేసుకెళ్ళి మూడో గేమ్‌కి తీస్తున్నా. నేను లింక్ పంపితే కొన్న ఫ్రెండ్‌ది ఇంకా డ్రిల్ చేయలేదు, నిన్న రాత్రి ఫోన్ చేసి ఆర్డర్ క్యాన్సిల్ చేయించా.