చేతి షార్పెనరా, సానరాయా, సైకిలు సానా: కత్తికి ఏది మేలు?

కర్నూలు మనిషి కత్తి నూరడం గురించి రాస్తోందంటే నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి. ఆ పేరు సినిమావాళ్లు మాకు అంటగట్టింది. నేను చెప్పేది ఉల్లిగడ్డలు తరిగే కత్తి సంగతి. మాది ఉగ్గాని బజ్జీల అంగడి. పొద్దున 5 గంటలకు కూర్చుంటే 7 లోపల 12 కిలోల ఉల్లిగడ్డలు, 3 కిలోల బజ్జీ మిరపకాయలు తెమలాల. మొద్దు కత్తి పట్టుకున్న రోజు మణికట్టు లాగేస్తుంది. ఉల్లి తెగకుండా నలుగుతుంది, నలిగినకొద్దీ కళ్లు మండుతాయి. అసలు మొద్దు కత్తే వేలు కోస్తుంది. టమోటా తోలు మీద జారి పక్కకు వస్తుంది కదా, అందుకు.

వంటింటి సామాన్ల గురించి ఏం రాసినా చివరికి ఒకటే ప్రశ్న వస్తుంది: “అక్కా, ఆ చేతిలో పట్టుకుని కత్తి లాగే షార్పెనర్ ఉంది కదా, కొనమంటావా?” ఒక్కొక్కరికీ జవాబు చెప్పి విసుగొచ్చింది. పైగా ఈ మధ్యే మా అంగడిలో పాత కత్తి పక్కన పెట్టి కొత్తది తీసుకోవాల్సి వచ్చింది. దాంతో విషయం నాకే ఇంకా తేటగా అర్థమైంది.

జరిగింది ఇది. రెండు కత్తులు ఒకే రోజు, ఒకే అంగట్లో, ఒకే రకం కొన్నా. 8 అంగుళాల స్టెయిన్‌లెస్ కత్తులు. లెక్క రాసుకునే పుస్తకం వెనక అట్ట మీద రెంటినీ పరిచి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, తేదీ వేసినా. ఒకటి మా అంగట్లో పనిచేసే పిల్లోడిది. వాడు 250 రూపాయల చేతి షార్పెనర్‌తో లాక్కుంటాడు. రెండోది నాది, సానరాయి మీద నూరుకుంటా. 14 నెలలకు మళ్లీ అట్ట మీద పెట్టి చూస్తే, నా కత్తి గీతకు ఒక మిల్లీమీటరు లోపలికి పోయింది. వాడిది పిడి దగ్గర 3 మిల్లీమీటర్లు పోయింది, అదీ సమంగా కాదు. పిడి పక్కన ఒక గుంట పడింది, కత్తి నడుము విరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని పలక మీద ఆనిస్తే అక్కడ సందు ఉంటుంది. ఉల్లి కోస్తే ముక్కలు విడిపోవు, తోరణం కట్టినట్టు వేలాడతాయి.

ఎందుకట్లా? ఆ షార్పెనర్ లోపలికి చూడండి. మొదటి గాడిలో రెండు చిన్న పలకలు ఇంగ్లీషు వి అక్షరంలా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. అవి టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు. కత్తి ఉక్కు కంటే చాలా గట్టివి. కత్తి లాగినప్పుడు అవి అంచును నూరవు, గీకుతాయి. చిత్రిక పట్టినప్పుడు కొయ్య పొట్టు లేస్తుందే, ఆ మాదిరి. నమ్మకం లేకుంటే తెల్ల కాగితం మీద పెట్టి నాలుగు సార్లు లాగండి. నేను అట్లే చేసి, దీపం కింద చూసినా. సన్నని వంకీల దారాలు పడి ఉన్నాయి. ఫ్రిజ్ తలుపుకు అతికించే అయస్కాంతం దగ్గరకు తెస్తే టక్కున ఎగిరి అతుక్కున్నాయి. అది మన కత్తే! అదే సానరాయి మీద అయితే నల్లటి బురద వస్తుంది. వేలికి తగిలినా తెలియనంత మెత్తని పొడి. మీ ఇంట్లో ఎవరైనా షార్పెనర్ లాగి కడగకుండా ఉల్లి తరిగితే ఆ దారాలు ఎక్కడికి పోతాయో నేను చెప్పనక్కరలేదు.

అందుకే నేను చూసేది పదును ఎంత వచ్చిందని కాదు. ఏది పట్టినా మొదటి రోజు పదును వస్తుంది. ఆ పదును కోసం కత్తి ఎంత ఉక్కు ఇచ్చుకుంది, ఆ పదును ఎన్నాళ్లు నిలిచింది, నాకు అదే లెక్క. గీకిన అంచు రంపపు పళ్లలా గరుగ్గా ఉంటుంది. టమోటా మీద పెడితే సర్రున దిగుతుంది, కొన్నవాళ్లు మురిసిపోతారు. ఆ పళ్లు నాలుగు రోజుల్లో ఒరిగిపోతాయి. మళ్లీ లాగాల. మా పిల్లోడు వారానికి రెండు సార్లు లాగేవాడు. నేను రాయి మీద పది రోజులకు ఒకసారి కూర్చుంటా.

రాయి పట్టుకోవడం రాదని భయపడతారు. నిజమే, మొదటి రెండు సార్లు నాకూ రాలేదు. సామాన్ల అంగట్లో రెండు ముఖాల రాయి దొరుకుతుంది, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. నాది 400, 1000 నంబర్లది. నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది. నీళ్ల రాయి అయితే బుడగలు ఆగేదాకా నీళ్లలో వేసి, కింద తడిగుడ్డ పరిచి పెట్టుకోండి, జారదు. ఇంగ కోణం. అందరూ తప్పేది అక్కడే. కత్తికి ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీలు చాలు. డిగ్రీలు ఎట్లా కొలవాలంటారా, కాగితం మూల 90 డిగ్రీలు. దాన్ని మధ్యకు మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22న్నర. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టుకుని దానికంటే ఒక పిసరు తక్కువ ఎత్తితే సరి. మరీ సులువుగా చెప్పాలంటే, 4 సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను రాయికి 13, 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాల. నాకు అది చిటికెన వేలు దూరేంత సందు. వేలు పెట్టి ఎత్తు చూసుకుని, వేలు తీసేసి, ఆ ఎత్తు చెదరకుండా నూరాల.

ఒక పక్క నూరుతా ఉంటే కాసేపటికి అవతలి పక్క అంచు మీద గరుకు లేస్తుంది. బొటనవేలితో అంచుకు అడ్డంగా, వెన్ను వైపు నుంచి బయటికి తడిమి చూడండి. అంచు పొడుగునా మాత్రం ఎప్పుడూ తడమొద్దు. ఆ గరుకు పిడి నుంచి మొన దాకా తగిలితే ఆ పక్క పని అయినట్టు. ఎక్కడైనా తగలకుంటే అక్కడ రాయి అంచును ముట్టలేదన్నమాట. తర్వాత రెండో పక్క. చివర్లో నునుపు వైపు తిప్పి, అదుము లేకుండా ఒకసారి అటు, ఒకసారి ఇటు. గరుకు తేలిపోతుంది. మొదటిసారి నాకు ముప్పావు గంట పట్టింది, ఇప్పుడు 8 నిమిషాలు. ఫోన్లో వార్తలు వింటా చేసేస్తా.

చేతి షార్పెనర్‌కు మంచి లేదని కాదు. అర నిమిషంలో పని అవుతుంది, నేర్చుకునేది ఏమీ లేదు, గూట్లో పడి ఉంటుంది. కోణం దాంట్లోనే ఉంది కాబట్టి మనం తప్పే వీలు లేదు. ఇంట్లో నలుగురికి వండుకునేవాళ్లు, 150 రూపాయల కత్తి వాడి రెండేళ్లకు పారేసేవాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. కొంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రెండో గాడిలో తెల్లటి సిరామిక్ పుల్లలు ఉన్న రకం కొని, ఆ గాడే వాడండి. కార్బైడ్ గాడి కత్తి బాగా చెడినప్పుడు, ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించొద్దు. లాగేటప్పుడు అదమొద్దు. పిడి దగ్గర అదిమి మొదలుపెట్టడం వల్లే ఆ గుంట పడేది.

ఇక్కడ ఒక పిట్టకథ. మా చెల్లెలి కొడుకు కెనడాలో ఐస్ హాకీ ఆడతాడు. పోయిన వేసవికి వచ్చినప్పుడు వాడి సంచిలో అరచేతిలో పట్టే పనిముట్టు ఒకటి కనిపించింది. “పెద్దమ్మా, ఇది స్కేట్లకు పదును పెట్టేది, నీ కత్తికి పనికొస్తుందా?” అన్నాడు. తిప్పి చూస్తే గాడిలో గుండ్రని రాతి పుల్ల ఉంది. స్కేటు బ్లేడు మన కత్తిలా ఉండదంట. 3 మిల్లీమీటర్ల మందం పట్టీ, కింద నిలువునా గాడి, ఆ గాడికి రెండు పక్కలా రెండు అంచులు. ఆ రెండంచులే మంచును పట్టుకునేది. గాడి వంపు ఎంతుండాలో, అర అంగుళం వ్యాసార్ధం ఉన్న చక్రానికి సరిపడా అనో ఇంకొంచెం లోతు తక్కువనో, ఆడేవాళ్లు చెప్పి చేయించుకుంటారు. ఆ వంపు తేవడం మిషన్ పని. “మరి ఇదెందుకురా?” అంటే, “ఆట మధ్యలో అంచు దెబ్బతింటే ఆ పూటకు సర్దుకోడానికి పెద్దమ్మా, తర్వాత మిషన్‌కు ఇవ్వాల్సిందే” అన్నాడు. మంచులో ఆడే పిల్లోడికి తెలిసింది మా పిల్లోడికి ఎక్కించడానికి నాకు 14 నెలలు పట్టింది. కత్తికి మాత్రం ఆ పనిముట్టు పనికిరాదు, ప్రయత్నించి చూడొద్దు.

సైకిలు సాన సంగతి. వీధిలో “కత్తులు కత్తెరలు సాన పడతాం” అని కేక వేస్తా వస్తాడే, ఆయన. సైకిలు స్టాండు వేసి పెడలు తొక్కితే చక్రం తిరుగుతుంది. కత్తిపీటకు, కొడవలికి, మచ్చుకత్తికి ఆయన్ను మించినవాడు లేడు. వంపు తిరిగిన కత్తిపీట అంచు ఏ షార్పెనర్ గాడిలోనూ పట్టదు, రాయి మీద కుదురుగా పడదు. కత్తెర అయితే ఒక పక్కే నూరాల, లోపలి చదును ముఖం ముట్టకూడదు. ఆ లెక్క ఆయనకు తెలుసు. పల్చటి వంటింటి కత్తి మాత్రం ఇవ్వొద్దు. నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి. నీళ్లు తగలని చక్రం మీద సన్నని అంచు క్షణంలో కాగిపోతుంది. 300 డిగ్రీల దగ్గరకు పోతే మామూలు ఉక్కు మీద నీలం రంగు తేలుతుంది. ఆ రంగు కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఇంగ ఎంత నూరినా పదును నిలవదు. కమ్మరి లారీ కమాన్ పట్టీతో చేసిచ్చిన పాత కత్తి ఒకటి నా దగ్గర ఉండేది, మొన దగ్గర రెండు వేళ్ల మేర నీలమైపోయింది. సైకిలాయన తప్పు కాదు, నేనే మాటల్లో పడి నీళ్లలో ముంచమని చెప్పలేదు.

మిగతావి తొందరగా. హోటళ్లలో వేలాడే పొడుగాటి ఉక్కు కడ్డీ పదును పెట్టదు, ఒరిగిన అంచును నిలబెడుతుంది. రోజూ రెండు సార్లు రుద్దుకుంటే మంచిదే. కరెంటు మిషన్లు ఇంటికి దండగ. పింగాణీ కప్పు తిప్పి అడుగున మెరుపు లేని గరుకు చుట్టు మీద రుద్దితే ఆ పూట గడుస్తుంది. పళ్లున్న కొడవలి ఆకురాయి పని, దానికి ఇవేవీ వద్దు.

మా వైపు అలవాటు ఒకటి మాత్రం విడిగా చెప్పాల. మా అత్తమ్మ ఇప్పటికీ గడప బండకే రుద్దుతుంది. బేతంచర్ల బండ గానీ, తాడిపత్రి నాపరాయి గానీ, కడప బండ గానీ, అన్నీ సున్నపురాతి జాతివే. అందులో ముఖ్యంగా ఉండే కాల్సైట్ గట్టిదనం, రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో, పదికి 3. కత్తి ఉక్కు అంకె దాదాపు దానికి రెట్టింపు. అంటే బండే అరుగుతుంది, కత్తి కాదు. మా గడప మధ్యలో నిగనిగలాడే పల్లం పడింది, అదే సాక్ష్యం. గండికోట దగ్గర పెన్న చీల్చుకుపోయిన రాయి వేరు. దాంట్లో ఉండేది క్వార్ట్జ్, గట్టిదనం 7, అది ఉక్కును గీకగలదు. అయినా రవ్వ సైజు మన చేతిలో ఉండదు కాబట్టి దాన్ని కొండకే వదిలేయండి. “అదేం లెక్కమ్మా, నలబై ఏండ్లుగా తెగుతాండాది కదా” అంటుంది అత్తమ్మ. రుద్దినప్పుడు ఒరిగిన అంచు కొంచెం నిలబడి తెగుతుంది, అంతే. ఆ మాట ఆమెతో అనే ధైర్యం నాకు లేదు.

తొలకరి వానకు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదా. ఆ వజ్రాలు కావు గానీ, ఫ్యాక్టరీలో చేసిన వజ్రపు రవ్వను ఇనుప పలకకు అతికించి అమ్మే సాన పలకలు కూడా ఉన్నాయి. నీళ్లలో నానబెట్టే పని లేదు, రాయిలా మధ్యలో పల్లం పడదు. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను, ఖరీదు ఎక్కువ, అలవాటు లేని చేతికి ఉక్కు తొందరగా తినేస్తుంది. చేయి కుదిరాక కొనుక్కోండి.

మా పిల్లోడికి కొత్త కత్తి కొనిచ్చి, దాని గీత కూడా అట్ట మీద గీసి పెట్టినా. షార్పెనర్ అంగట్లోనే ఉంది, కార్బైడ్ గాడికి మాత్రం బ్యాండేజీ టేపు అతికించేసినా. ఆదివారం పొద్దున సైకిలాయన వచ్చినాడు.

“కత్తులేమీ ల్యావామ్మా?”

“కత్తెర, కత్తిపీట ఉండాయి భాయ్. కత్తులు ఇంట్లోనే నూరుకుంటాండాం.”

కత్తిపీట చక్రానికి ఆనించే ముందు చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టినా.