ఏఎస్ఐ533 కెమెరాకు ఏ టెలిస్కోపు సరిజోడు?

ఆకాశాన్ని ఫొటోలు తీయడానికి జెడ్‌డబ్ల్యూఓ సంస్థవారు చేసిన ఏఎస్ఐ533ఎంసీ ప్రో కెమెరాను చిన్నా పెద్దా టెలిస్కోపులకు బిగించి వాడిన మీదట, 400 నుంచి 600 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న చిన్న రిఫ్రాక్టరే (లెన్సులతో చేసిన టెలిస్కోపే) దీనికి సరైన జోడు అన్న అభిప్రాయానికి వచ్చాను. అందుకు కారణం సెన్సరులోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

ఇందులో ఉన్నది సోనీ ఐఎంఎక్స్533 కలర్ సెన్సరు. నిలువునా అడ్డంగా 3008 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు, అంటే భుజం 11.3 మిల్లీమీటర్లు ఉన్న చదరం. పాత కెమెరాల్లో ఎక్స్‌పోజర్ పెంచే కొద్దీ ఫ్రేము అంచున వెలుగు మరకలా కనబడే ఆంప్ గ్లో దీనిలో లేదు. ఒక్కో ఫ్రేము 18 ఎంబీ మాత్రమే కావడంతో వందల ఫ్రేములను స్టాక్ చేయడానికి (ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే బొమ్మగా కలపడానికి) మామూలు ల్యాప్‌టాప్ చాలు. కూలర్ బయటి ఉష్ణోగ్రత కంటే 35 డిగ్రీల దాకా తగ్గించగలదు గానీ, వేసవిలో రాత్రిపూట కూడా 30 డిగ్రీలుండే మన ఊళ్లలో మైనస్ 5కు దిగేసరికే దాని శక్తి అయిపోతుంది. అందుకే వేసవికి 0, చలికాలానికి మైనస్ 10 డిగ్రీలు ఖాయం చేసుకుని, రెండింటికీ విడివిడిగా డార్క్ ఫ్రేములు (సెన్సరు సొంత మచ్చలను తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) తీసి దాచుకోవడం మేలు.

ఇక జోడు కుదర్చడం. మైక్రాన్లలో ఉన్న పిక్సెల్ సైజును 206తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని ఆర్క్ సెకండ్ల ఆకాశం పడుతుందో తెలుస్తుంది. ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు. ఈ అంకెను మన గాలి నిలకడతో పోల్చి చూడాలి. పగలంతా ఎండకు కాగిన డాబా స్లాబు బాగా పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ కదిలే గాలికి మౌంటు (టెలిస్కోపును నక్షత్రాల వెంట తిప్పే స్టాండు) ట్రాకింగ్‌లోని చిన్న తేడాలు, చిన్న లెన్సుకు సహజంగా ఉండే పరిమితి తోడైతే, నక్షత్రం 3, 4 ఆర్క్ సెకండ్ల వెడల్పున పరుచుకుంటుంది. ఆ వెడల్పు రెండు మూడు పిక్సెళ్ల మీద పడితే వివరం పోదు, వెలుగూ వృథా కాదు.

250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న విలియం ఆప్టిక్స్ రెడ్‌క్యాట్ 51 టెలిస్కోపుతో ఒక్కో పిక్సెల్‌కు 3.1 ఆర్క్ సెకండ్లు వస్తాయి. బొమ్మను పెద్దది చేసి చూస్తే చిన్న నక్షత్రాలు గుండ్రంగా కాక గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఫ్రేముల మధ్య డిథరింగ్ చేసి (టెలిస్కోపును రవ్వంత జరిపి), స్టాకింగ్‌లో డ్రిజిల్ (ఆ జరిగిన ఫ్రేముల నుంచి మరింత సన్నని పిక్సెళ్ల బొమ్మ కట్టే పద్ధతి) వాడితే అది చాలావరకు సర్దుకుంటుంది. అయితే ఆకాశం 2.6 డిగ్రీల మేర పడుతుంది కనుక కృత్తికలు చుట్టూ ఉన్న ధూళితో సహా ఇమిడిపోతాయి. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు సుమారు 3 డిగ్రీలు కాబట్టి నిటారుగా పెడితే కొసలు తెగిపోతాయి; కెమెరాను తిప్పి గెలాక్సీని మూల నుంచి మూలకు పడుకోబెడితే, ఆ కర్ణం 3.7 డిగ్రీలు గనుక, పూర్తిగా పడుతుంది. చదరపు సెన్సరుతో చేయదగిన మంచి పని ఇది.

నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది 420 మిల్లీమీటర్ల స్కైవాచర్ ఈవోస్టార్ 72ఈడీ. పిక్సెల్‌కు 1.85 ఆర్క్ సెకండ్లు, ఒకటిన్నర డిగ్రీల ఆకాశం: ఓరియన్ నెబ్యులా, రోజెట్ నెబ్యులా చుట్టూ కాస్త చోటు మిగిలేలా పడతాయి. రెండు లెన్సుల రిఫ్రాక్టర్ కావడం వల్ల బాగా వెలిగే నక్షత్రాల చుట్టూ కొద్దిపాటి ఊదా వలయం తప్పదు. అంచుల విషయంలో మాత్రం చిన్న సెన్సరు మేలే చేస్తుంది: 43 మిల్లీమీటర్ల కర్ణం ఉన్న ఫుల్ ఫ్రేమ్ సెన్సరు మీద మూలల్లో సాగిపోయే నక్షత్రాలు, 16 మిల్లీమీటర్ల కర్ణం ఉన్న దీని మీద చాలా తక్కువగా సాగుతాయి. అయినా మూలల్లోని నక్షత్రాలను సరిచేసే అదనపు లెన్సు, ఫీల్డ్ ఫ్లాట్నర్, పెట్టుకోమనే నా సలహా. చాలా ఫ్లాట్నర్లకు వాటి వెనుక నుంచి సెన్సరు దాకా 55 మిల్లీమీటర్ల దూరం కావాలి, కెమెరా ముందు అంచు నుంచి సెన్సరు దాకా ఉన్న 17.5కు, 16.5, 21 మిల్లీమీటర్ల రింగులు రెండు కలిపితే లెక్క సరిగ్గా సరిపోతుంది.

2032 మిల్లీమీటర్ల సెలెస్ట్రాన్ సీ8కు ఇదే కెమెరా తగిలిస్తే పిక్సెల్‌కు 0.38 ఆర్క్ సెకండే. ఒక్కో నక్షత్రం పది పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది, ఆకాశం 19 ఆర్క్ నిమిషాలకు (డిగ్రీలో మూడో వంతుకు) కుదించుకుపోతుంది, గైడింగ్‌లో (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటును సరిదిద్దడంలో) ఏ చిన్న తేడా వచ్చినా బొమ్మలో కనబడుతుంది. రింగ్ నెబ్యులా వంటి చిన్న వస్తువులకు ఇది పనికొస్తుంది: 72ఈడీలో సుమారు 45 పిక్సెళ్లలో ముగిసిపోయే ఆ వలయం ఇక్కడ 200 పిక్సెళ్లు దాటుతుంది. సీ8 ఇప్పటికే ఉన్నవారు 0.63 రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్‌ను 0.63 వంతుకు తగ్గించే లెన్సు) చేర్చి, 2×2 బిన్నింగ్ చేసుకుంటే (నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలుపుకుంటే) పిక్సెల్‌కు 1.2 ఆర్క్ సెకండ్ల దగ్గరకు వస్తారు. 600 మిల్లీమీటర్ల 80ఈడీ రిఫ్రాక్టర్ ఉన్నవారికి ఆ అవసరమే లేదు. వారి అంకె మొదటినుంచీ 1.3, ఈ కెమెరా కోసం మరో టెలిస్కోపు కొననక్కర్లేదు.