లోట్ తెల్ల దారులు: జులై కంకరతో నా గొడవ

మిషెలిన్ 337 నంబరు మ్యాపులో ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, పసుపువి నడిమి రోడ్లు, రంగు లేకుండా రెండు సన్న అంచులతో పోయేవి ఊరికీ ఊరికీ మధ్య దారులు. ఫ్రాన్స్‌లో రోడ్డు సైకిలు తొక్కేవాళ్ళకు ఆ తెల్ల గీతలే ఆస్తి. నైరుతిన లోట్ జిల్లాలో, సెలే నదికీ లోట్ నదికీ మధ్య ఉన్న సున్నపురాయి పీఠభూమి మీద ఈ దారుల్ని ఏళ్ళుగా వాడుతున్నవాడిగా చెప్పేది: దారులకు వంక పెట్టడానికి లేదు. వేసవిలో వాటి మీద చల్లే కంకర చిప్స్ మీద మాత్రం నాకు కక్ష ఉంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ముందు మంచి. ఫిజాక్ పట్టణం దాటాక డి41 (డి అంటే జిల్లా రోడ్డు) పట్టుకుంటే సెలే నది పక్కనే, మార్సియాక్, కాబ్రెరే మీదుగా, ఆ నది లోట్‌లో కలిసే బూజియెస్ దగ్గరి దాకా సుమారు 40 కిలోమీటర్లు. నీరు పారే వైపే దారీ దిగుతుంది కాబట్టి ఫిజాక్ నుంచి మొదలుపెట్టడమే తెలివి. పడమటి గాలి లేచిన రోజున ఆ వాలు లాభమంతా గాలికే పోతుందనుకోండి. ఒక పక్క నది, ఇంకో పక్క రోడ్డు మీదికి ఒరిగినట్టుండే రాతి గోడలు. టులూజ్ నుంచి ఫిజాక్‌కు రైలుంది, తిరుగు ప్రయాణానికి లోట్ నది దిగువన, జిల్లా ముఖ్య పట్టణం కాఓర్ నుంచి టులూజ్‌కు రైలుంది. వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు.

డి41 లోయ దారి. అసలు తెల్ల దారులు దాని నుంచి చీలి పైకి, పీఠభూమి మీదికి ఎక్కుతాయి. సుమారు 200 మీటర్ల ఎత్తు, మూడు నాలుగు కిలోమీటర్లలో. మ్యాపులో ఒక బాణం ఉంటే 5 నుంచి 9 శాతం ఎక్కుడు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13 పైన. బాణం మొన ఎక్కే వైపు చూపిస్తుంది. సామానుతో వెళ్ళేవాళ్ళకు అన్నిటికన్నా తేలిక గేరులో ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు అతి ఏమీ కాదు. పైకి చేరాక గుబురుగా పెరిగిన పొట్టి ఓక్ చెట్లు, పొడిరాళ్ళ గోడలు, కళ్ళజోడు పెట్టినట్టు కంటి చుట్టూ నల్ల మచ్చలున్న గొర్రెలు. చాలాసేపు ఒక్క బండీ ఎదురు పడని గంటలు ఇక్కడ మామూలే.

ఇక ఆ మెప్పుకు కొన్ని కోతలు పెట్టాలి. నంబరు పెద్దదైతే దారి చిన్నది, నిశ్శబ్దం అనే లెక్క సైకిలు వాళ్ళలో బాగా తిరుగుతుంది. నమ్మకండి. 1972లో ఒకసారి, 2006లో మరోసారి జాతీయ రోడ్లు పెద్ద ఎత్తున జిల్లాల చేతికి వచ్చాయి. వాటికి ఇచ్చిన కొత్త నంబర్లు చాలాచోట్ల మూడంకెలవే. కాఓర్ మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే డి820 పాత ఎన్20 (ఎన్ అంటే జాతీయ రోడ్డు). తూర్పున సోన్-ఎ-లువార్ జిల్లాలో డి906 పాత ఎన్6. లారీలు తమ పాత అలవాటు మానలేదు. పైగా జిల్లా హద్దు దాటితే అదే రోడ్డు నంబరు మారిపోవచ్చు. అందుకే నంబరు చూసి కాదు, మ్యాపులో రంగు చూసి దారి ఎంచుకోవాలి. రంగు కూడా అన్నివేళలా కాపాడదు: జులై, ఆగస్టుల్లో సాన్-సిర్-లాపోపీ చుట్టూ ఎంత చిన్న దారైనా క్యాంపర్ వ్యాన్లతో నిండిపోతుంది. ఆ ఊరికి వెళ్ళాలంటే పొద్దున తొమ్మిది లోపే.

బండ్లు తక్కువే గానీ, వచ్చేది నెమ్మదిగా రాదు. మధ్యలో డివైడరు లేని రెండు వైపుల రోడ్ల మీద 2018 జులై నుంచి వేగం హద్దు గంటకు 80 కిలోమీటర్లు. ఆ తర్వాతి చట్టంతో జిల్లాలు మళ్ళీ 90 పెట్టుకోవచ్చు. ఊరి బయట సైకిలును దాటేటప్పుడు మీటరున్నర వదలాలని నియమం, ఎక్కువమంది పాటిస్తారు కూడా. మనవాళ్ళు తడబడేది ఇంకో చోట: ఏ బోర్డూ లేని కూడలిలో కుడి పక్క సందులోంచి వచ్చేవాడిదే ముందు హక్కు. పల్లెల్లో ట్రాక్టరు మిమ్మల్ని చూసి ఆగుతుందని అనుకోవద్దు, ఆగాల్సింది మీరు.

ఇప్పుడు కంకర. మన రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్లు సర్ఫేస్ డ్రెస్సింగ్ అనే పనే ఇది. పాత తారు మీద వేడి బిటుమెన్ ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చిమ్ముతారు, వెంటనే 4–6 లేదా 6–10 మిల్లీమీటర్ల చిప్స్ చల్లుతారు, రోలరు తిప్పుతారు. మిగతా అణచివేత పని కార్ల టైర్లకు వదిలేస్తారు. అంటుకోని చిప్స్‌ను కొన్నాళ్ళ తర్వాత ఊడ్చే బండి వచ్చి తీసుకెళ్తుంది. వేడీ పొడీ కావాలి కాబట్టి ఈ పనంతా మే, సెప్టెంబరుల మధ్యే, అంటే మనం తొక్కే కాలంలోనే. ఏ ఒక్క జిల్లాదో కాదు, దేశమంతా ఇదే తీరు.

తిరకాసంతా ఆ అణచివేతలో ఉంది. పెద్ద రోడ్డు మీద వేల బండ్లు రెండు రోజుల్లో చిప్స్‌ను తారులోకి దించేస్తాయి. రోజుకు పాతిక బండ్లు పోయే తెల్ల దారిలో ఆ పని వారాలు పడుతుంది. దారి ఎంత ప్రశాంతమైతే కంకర అంత కాలం వదులుగా పడి ఉంటుంది. మనం వెతుక్కుంటూ వెళ్ళే సుగుణమే ఇక్కడ తిరగబడుతుంది.

కారు టైర్లు పోయిన రెండు చాళ్ళు గట్టిపడతాయి. మధ్యలో ఒక గట్టు, రెండు అంచుల్లో రెండు గట్లు మిగులుతాయి. ఎక్కేటప్పుడు పెద్ద ప్రమాదం లేదు, కుడి చాలులో ఉండి, సీటు మీద నుంచి లేవకుండా తొక్కితే వెనక చక్రం జారదు. దిగేటప్పుడే అసలు పరీక్ష. మలుపుల్లో కార్లు లోపలి వైపు కోసుకుపోతాయి, చిప్స్ అంతా బయటి అంచుకు ఎగిరి చేరుతుంది. వేగం మలుపుకు ముందే, చక్రం తిన్నగా ఉన్నప్పుడే తగ్గించాలి. మలుపు లోపల ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బండి వంచవద్దు, భుజాలు బిగించవద్దు. ఎదురుగా కారు కనబడితే గట్టు దాటి పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. ఎక్కువమంది పడేది అప్పుడే. నడక వేగానికి దించి, అప్పుడు గట్టు దాటండి, లేదా చాలులోనే ఆగి కాలు కింద పెట్టండి.

కారు టైరు నుంచి రాళ్ళు ఎగురుతున్న బొమ్మతో త్రికోణం బోర్డు, కింద 50 హద్దు కనబడితే అక్కడి నుంచి మొదలు. ఆ బోర్డును నూటికి నూరు నమ్మడానికి లేదు. ఊడ్చేశాక కూడా కొన్నిచోట్ల ఉండిపోతుంది, పక్క దారిలోంచి వచ్చి కలిసేవాళ్ళకు అసలు కనబడదు. రోడ్డు రంగే మేలైన గుర్తు: పాత బూడిద రంగు హఠాత్తుగా లేత తెలుపుకో నలుపుకో మారితే చేతులు బ్రేకుల మీదికి వెళ్ళాలి.

ఎండ 35 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో ఇంకో బెడద. తారు పైకి ఊరి నల్లగా మెరుస్తుంది, టైరుకు అంటుకుంటుంది, ఆ టైరుకు చిప్స్ అంటుకుంటాయి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు లేకపోతే ఒక్క రాయి ఇరుక్కుని గార్డు కడ్డీని వంచేయగలదు. ముందు చక్రంలో జరిగితే మనిషి ఎగిరి పడతాడు. టిక్కుటిక్కుమని చప్పుడు మొదలవగానే ఆగాలి. తిరిగే టైరును చేతి తొడుగుతో తుడిచే పాత అలవాటు ఫోర్కు దగ్గర వద్దు.

పంచర్ కన్నా టైరు పక్క గోడ కోసుకుపోవడం ఎక్కువ. దానికి పాత టైరు ముక్క, 3 సెంటీమీటర్లకు 5, సంచిలో ఉండాలి. ట్యూబుకూ కోతకూ మధ్య పెట్టి, గాలి ఒత్తిడి ఒక బార్ తగ్గించి ఎక్కిస్తే ఊరు చేరొచ్చు. ఏమీ లేకపోతే ఐదు యూరోల నోటు మడిచి పెట్టినా కొంత దూరం నిలుస్తుంది. అంటిన తారు పోవాలంటే వంట నూనె గుడ్డతో రుద్ది, గిన్నెల సబ్బుతో కడగాలి. పెట్రోలు రబ్బరును పాడుచేస్తుంది. నూనె రిమ్ముకూ బ్రేకు డిస్కుకూ తగలనివ్వద్దు.

ఇంత తిట్టీ ఒక మాట ఒప్పుకోవాలి. మందపాటి తారు పొర కన్నా ఈ పని చాలా చవక, పగుళ్ళలోకి నీరు దిగనివ్వదు. ఎవరూ తిరగని దారి కూడా గుంతలు లేకుండా ఉందంటే దీని పుణ్యమే. ఊడ్చిన మరుసటి ఏడు అదే దారి గరుకుగా, తడిలో కూడా పట్టు తప్పకుండా ఉంటుంది.

నీటి సంగతి. సున్నపురాయి నేల వాన నీటిని మింగేస్తుంది, పీఠభూమి మీద వాగులుండవు. పల్లెలో కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు; బేకరీకి వారంలో ఒక సెలవు, తరచుగా సోమవారం. దిక్కు శ్మశానమే: సమాధుల మీది పూలకు నీళ్ళు పోయడానికి చాలాచోట్ల గేటు దగ్గర కుళాయి ఉంటుంది. తాగడానికి పనికిరాదని పలక ఉంటే పట్టుకోవద్దు, చలికాలంలో కట్టేస్తారు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు లేకుండా పైకి ఎక్కవద్దు.

నా తీర్పు నా పరిస్థితికి కట్టుబడినదే. 32 మిల్లీమీటర్ల టైర్లు, 75 కిలోల మనిషి, 8 కిలోల సామాను, వెనక 4.5 బార్, ముందు 4, మడ్‌గార్డులు లేవు, మే, జూన్‌లలో సెలవు దొరుకుతుంది. ఈ లెక్కలో ఇంతకన్నా మంచి దారులు నాకు అక్కర్లేదు. 25 మిల్లీమీటర్ల టైర్లతో జులైలో మాత్రమే రాగలిగితే డి41 వరకే ఉండి, పైకి వెళ్ళకపోవడం నయం. సెప్టెంబరు బాగుంటుంది గానీ వేట మొదలవుతుంది, ఆదివారం పొద్దున మెరిసే రంగు చొక్కా వేసుకోవాలి. పిల్లలతో అయితే లోట్ వద్దు, బుర్గుండిలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలు పట్టా మీద వేసిన 44 కిలోమీటర్ల దారి ఉంది. కార్లు లేవు, చిప్స్ లేవు, ఎక్కుళ్ళు దాదాపు లేవు. పెద్దవాళ్ళకు సగం దూరం వెళ్ళేసరికి విసుగు రావచ్చు.