రాయగడలో కొనాలా, పార్వతీపురంలో కట్టాలా?

ఒడిశాలోని రాయగడలో అద్దెకుండే తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇంటి దగ్గరికే వస్తుంది. మేం వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడి పేపరు మిల్లును నమ్ముకుని బతికే జనంలో నేనూ ఒకణ్ణి, ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా చెల్లెలి భర్త మళ్లీ అందుకున్నాడు.

"ఏటి బావా, ఆ ఒడియా ఊళ్లో ఎన్నాళ్లని అద్దె పోస్తావు? పార్వతీపురంలో నాలుగు సెంట్లు చూసుకో. మన రాష్ట్రం, మన గవర్నమెంటు. ఏదో ఒక స్కీము ఇవ్వకపోరు."

ఆ "ఏదో ఒక స్కీము" నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏ స్కీము, ఎంత, ఎవరికి? ఊళ్ల మధ్య దూరం చూస్తే రైల్లో గంట ప్రయాణం. కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది, దాంతోపాటు స్టాంపు డ్యూటీ, రేషన్ కార్డు, భూమి చట్టం అన్నీ మారతాయి. రెండు నెలలు ఆదివారాలన్నీ దీనికే పెట్టాను.

ముందు కేంద్రం ఇచ్చేది చెబుతాను, ఎందుకంటే అక్కడ పోటీయే లేదు. పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 కింద 2024 సెప్టెంబరు 1 నుంచి మంజూరైన ఇంటి లోన్లకు వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు, కార్పెట్ ఏరియా, అంటే గోడలు పోను లోపలి వైశాల్యం, 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. లోనులో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల వరకు, 4 శాతం చొప్పున రాయితీ లెక్కగడతారు. గరిష్ఠంగా చేతికొచ్చేది 1.80 లక్షలు, అదీ ఐదేళ్లపాటు ఏడాదికో వాయిదాగా లోను ఖాతాలో పడుతుంది. పూర్తిగా వచ్చేవాళ్లకు వాయిదా 36,000 అన్నమాట, నెలకు 3,000 తగ్గినట్టు. రాయగడ మున్సిపాలిటీయే, పార్వతీపురమూ మున్సిపాలిటీయే. రెండుచోట్లా ఇదే స్కీము, ఇదే డబ్బు. నువ్వు ఎక్కడ పుట్టావు, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నావు అన్నది ఈ రాయితీకి అక్కర్లేదు. మా బావ చెప్పిన "మన గవర్నమెంటు" ముక్క ఇక్కడే తేలిపోయింది.

అయితే వలస వచ్చినవాళ్లు బోల్తా పడేది కూడా ఈ స్కీములోనే. దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. కుటుంబం అంటే మొగుడు, పెళ్లాం, పెళ్లికాని పిల్లలు. ఊళ్లో నాన్న పేరిట ఉన్న డాబా పెళ్లయిన కొడుకు లెక్కలోకి రాదు. పంపకాలైపోయి ఆ డాబా నీ పేరు మీద పడి ఉంటే మాత్రం వస్తుంది. ఇంకో షరతు ఇంతకంటే గట్టిది: గత 20 ఏళ్లలో కేంద్రం గానీ, రాష్ట్రం గానీ ఇచ్చిన ఏ ఇళ్ల పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. మా లైన్లో ఒకాయన భార్యకు ఆంధ్రాలో జగనన్న కాలనీలో ఇల్లు మంజూరైంది, బిల్లులు కూడా తీసుకున్నారు. పునాది లేచి గోడల దగ్గర ఆగిపోయింది. ఆయన దృష్టిలో అది ఇల్లే కాదు, గోడలు. ఆధార్ నంబరు దృష్టిలో మాత్రం అది ఇల్లే. ఆయన రాయగడలో ఎంత మంచి ఫ్లాటు చూసుకున్నా ఈ 1.80 లక్షలు మర్చిపోవాల్సిందే.

మనవాళ్లకు ఇంకో అలవాటుంది, అప్పు నిప్పులాంటిదని నాలుగు డబ్బులు చేతికి రాగానే లోనులో కట్టేస్తారు. ఇక్కడ ఆ తొందర పనికిరాదు. వాయిదా విడుదలయ్యే సమయానికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి, లోను నడుస్తూ ఉండాలి. ఐదేళ్లలోపే సగం దింపేస్తే మిగతా వాయిదాలు రావు. చిట్టీ డబ్బులొచ్చినా, గ్రాట్యుటీ వచ్చినా ఐదో వాయిదా పడేదాకా బ్యాంకు డిపాజిట్లోనే ఉంచండి.

తర్వాత రిజిస్ట్రేషన్ ఖర్చు. ఇక్కడ రెండు రాష్ట్రాలకూ నిజంగా తేడా ఉంది. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్లకు 4 శాతం, దాని మీద రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, అంతా కలిపి 7.5 శాతం. 20 లక్షల ఇల్లనుకుంటే పార్వతీపురంలో 1,50,000 అవుతుంది. రాయగడలో నా పేరిటైతే 1,40,000, మా ఆవిడ పేరిటైతే 1,20,000. అంటే 30,000 మిగులు. ఒక గదికి టైల్స్, తలుపులకు రంగు వచ్చేస్తాయి. ఇంకా కడుతున్న ఫ్లాటు కొంటే రెండుచోట్లా జీఎస్టీ ఒకటే: 45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతం. కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అదీ లేదు.

ఇక ఇన్‌కమ్ టాక్స్. ఫ్లాట్లు అమ్మేవాళ్లు కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసేది ఇదే, "వడ్డీ మీద 2 లక్షల పన్ను మినహాయింపు" అని. నేనూ మొదట దీన్ని చూసే పొంగిపోయాను. తీరా కూర్చుని లెక్కేస్తే నవ్వొచ్చింది. ఆ 2 లక్షల మినహాయింపు, అసలు మీద 1.5 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. కొత్త విధానంలో మనం ఉంటున్న ఇంటికి అవి లేవు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా అసలు పన్నే లేదు, జీతగాళ్లకైతే 12.75 లక్షల దాకా. మరి వడ్డీ రాయితీ ఎవరికి? 9 లక్షల లోపు వాళ్లకు. అంటే రాయితీకి అర్హుడైన జీతగాడికి మినహాయించుకోవడానికి పన్నే ఉండదు. పన్ను కట్టేవాడికి ఆ రాయితీ రాదు. కరపత్రం మీద పక్కపక్కన అచ్చేసిన ఆ రెండూ ఒకే మనిషికి అందేవి కావు.

పోనీ, ఎక్కువ జీతం వాళ్లకైనా మినహాయింపు పనికొస్తుందా? మా ఆఫీసులో ఇంజినీరు ఒకాయనకు ఏడాదికి 15 లక్షలు. పాత విధానంలో జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 50,000, అసలు కింద 1.5 లక్షలు, వడ్డీ కింద 2 లక్షలు అన్నీ తీసేసినా 11 లక్షలు మిగులుతాయి. సెస్సుతో కలిపి పన్ను 1,48,200. కొత్త విధానంలో ఏ మినహాయింపూ లేకుండా, 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తోనే, 97,500. ఇంటి లోను కాగితాలన్నీ ఆఫీసులో ఇచ్చి పాత విధానంలో ఉంటే ఏడాదికి 50,000కు పైగా ఎక్కువ కడతాడు. ఆయనకు చెబితే కాసేపు నమ్మలేదు. ఇక 80ఈఈఏ అనే సెక్షన్ కింద ఇంకో లక్షన్నర వడ్డీ మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే, అది 2022 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

దీనివల్ల మాకు ఒక చిక్కు విడిపోయింది. ఇల్లు ఎవరి పేరిట? ఇల్లు పూర్తిగా భార్య పేరిట ఉంటే భర్త పన్ను మినహాయింపు అడగలేడని, అందుకే ఇద్దరి పేరిటా పెట్టుకొమ్మని తెలిసినవాళ్లు సలహా ఇస్తుంటారు. మినహాయింపే సున్నా అయినప్పుడు ఆ టెన్షన్ మనకెందుకు? పీఎం ఆవాస్‌కు ఇంట్లో ఆడవాళ్ల పేరు ఉండాలి, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల పేరు మీద స్టాంపు డ్యూటీ 1 శాతం తగ్గిస్తోంది. మా ఆవిడ ఒక్కర్తి పేరిటే రాయిద్దామని ఆ రోజే అనుకున్నాం. లోను కాగితాల మీద ఇద్దరం సంతకం పెడతాం.

ఇంతవరకు తూకం రాయగడ వైపే మొగ్గింది. కానీ రాయగడలో ఇల్లంటే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది రాయితీ కాదు, భూమి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, మనవైపు ఏజెన్సీ అంటామే, అదే. కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ కూడా అంతే. 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. ఒకప్పుడు అధికారి అనుమతి తీసుకుని కొనే దారి ఉండేది, 2002 సవరణతో అదీ మూసేశారు. కొన్నా ఆ అమ్మకం చెల్లదు, భూమి వెనక్కి వెళ్తుంది, మనం పోసిన డబ్బు మాత్రం రాదు.

పోయినేడు ఒక బ్రోకరు నన్ను ఊరి చివర ఒక జాగా దగ్గరికి తీసుకెళ్లాడు. పక్క జాగా ధరలో సగమే చెప్పాడు. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు, పవర్ ఆఫ్ అటార్నీ, "ఇరవై ఏళ్లుగా మావాళ్లే సాగు చేస్తున్నారు" అనే మాట. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఇంటికొచ్చి ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఆ ఖాతా తీసి, ఇక్కడి బళ్లో ఎనిమిది చదువుతున్న మా అమ్మాయికి ఇచ్చాను. "నాన్నా, జాతి దగ్గర కంధ అని ఉంది" అంది. కంధలంటే ఇక్కడి గిరిజనులు. అంతే, ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. పిల్ల ఒడియా మీడియం చదువు గురించి ఊళ్లో అందరూ నన్ను దెప్పేవాళ్లు, ఆ ఒక్క మాటతో ఫీజంతా వసూలైంది.

కాబట్టి భూమి హక్కుల రికార్డు, అంటే ఆర్‌ఓఆర్‌లో మూడు చూడాలి. రైతు పేరు పక్కన జాతి. కిసం, అంటే భూమి రకం దగ్గర ఘరాబారి (ఇంటి స్థలం) అని ఉందా లేదా. పొలం కిసం అయితే అది మార్పించుకునేదాకా బ్యాంకు ఇంటి లోనుకు అడ్డం పడుతుంది. ఇప్పుడున్న యజమాని గిరిజనేతరుడైనా, ఆయనకు అది ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చింది అన్నది మూడోది. 1956 తర్వాత గిరిజనుల నుంచి అనుమతి లేకుండా వచ్చి ఉంటే చిక్కు అలాగే ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద వెనకటి లావాదేవీల కాగితం, తీయించి, వకీలుకు చూపించండి. వకీలు ఫీజు దగ్గర బేరమాడకండి.

మరి పార్వతీపురం వైపు ఈ బాధ లేదా అంటే, ఉంది, ఇంకో రూపంలో. అక్కడ మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే 1970 నాటి రెగ్యులేషన్ నడుస్తోంది. అది ఒడిశా దానికంటే గట్టిది. ఏజెన్సీ గ్రామంలో గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. పార్వతీపురం పట్టణంలో ఆ ఇబ్బంది లేదు. కానీ మా బావ చవకగా ఉందని చూపించిన సెంట్లు కురుపాం దాటాక గుమ్మలక్ష్మీపురం రోడ్డులో ఉన్నాయి. ఆ ఊరు షెడ్యూల్డ్ గ్రామమా అని అడిగితే, "అందరూ కొంటున్నారు కదా బావా" అన్నాడు. రాయగడలో జాగా ఎవరిదో చూడాలి, అటు వెళ్తే జాగా ఏ ఊళ్లోదో చూడాలి.

పార్వతీపురం ఎవరికి మేలో కూడా చెప్పాలి. ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపుండి, మున్సిపాలిటీలో సొంత జాగా ఉన్నవాళ్లకు అదే పీఎం ఆవాస్‌లో ఇంకో దారి ఉంది. సొంతంగా కట్టుకుంటే కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం 1 లక్ష, మొత్తం 2.50 లక్షలు దశలవారీగా ఇస్తారు. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్లే ఉండాలి. ఇది అప్పు కాదు, బ్యాంకు గుమ్మం ఎక్కక్కర్లేదు. నాన్న పార్వతీపురంలో రెండు సెంట్లు రాసిచ్చిన కాంట్రాక్టు కూలీకి 1.80 లక్షల వడ్డీ రాయితీ కంటే ఇదే నయం. రెండూ మాత్రం ఒకే కుటుంబానికి రావు.

అలాంటి కూలీల విషయంలో రేషన్ కార్డు ఎటుందన్నది కూడా తేలాలి. బియ్యం కోసం కార్డు మార్చుకోనక్కర్లేదు, వన్ నేషన్ వన్ రేషన్ కింద ఆంధ్రా కార్డుతో ఇక్కడా తీసుకోవచ్చు. అటు పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు ఆంధ్రా కార్డే చూస్తారు. ఇటు చూస్తే 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం, అర్హత ఉన్న మహిళలకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లు, ఒడిశా నివాసులకు మాత్రమే. రెండుచోట్లా కార్డులు పెట్టుకుని రెండూ లాగుదామనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆధార్ కలిపిన రోజున రెండూ పోతాయి.

మా సంగతికొస్తే, నాకు జాగా రాసిచ్చేవాళ్లు లేరు, ఆదాయం 3 లక్షలు దాటింది, పని ఇక్కడ, పిల్ల చదువు ఇక్కడ. తాళం వేసి పెట్టుకోవడానికి ఊళ్లో ఇల్లు కట్టి, ఇక్కడ అద్దె కట్టడం నాకు నచ్చలేదు. మొన్నే మున్సిపాలిటీ లోపల ఒక పాత ఇల్లు చూశాం. ఖాతాలో జాతి సరిపోయింది, కిసం ఘరాబారి, వెనకటి దస్తావేజులు వకీలు దగ్గర ఉన్నాయి. బ్యాంకులో వడ్డీ రాయితీ ఫారం అడిగితే కౌంటరు దగ్గర అబ్బాయి అలాంటిదేమీ లేదన్నాడు. మేనేజరు గదిలోకి వెళ్లి కూర్చున్నాక ఉందన్నారు.

మా బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "సరే గానీ బావా, వంటగది ఆగ్నేయంలోనే ఉందా?" అన్నాడు. లేదు, వాయవ్యంలో ఉంది. మా ఆవిడకూ అదే పట్టుకుంది.