ట్రిమ్ బటన్‌తో నాలుగు వేసవులు

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, లేక్ లేనియర్‌కి అరగంట దూరంలో. నాలుగు వేసవుల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల స్పీడ్ బోటు కొన్నాను. 8.1 లీటర్ల మెర్‌క్రూజర్ 496 మ్యాగ్ హెచ్‌ఓ ఇంజను, 425 హార్స్‌పవర్, వెనక ఒకే ప్రొపెల్లర్ తిప్పే బ్రావో వన్ డ్రైవ్. బోటు అడుగుభాగం డీప్ వీ, అంటే ఇంగ్లీషు V అక్షరంలా లోతుగా ఉంటుంది, వెనక అంచు దగ్గర కూడా 24 డిగ్రీల వాలు. ఇప్పటికి దాదాపు 300 గంటలు నడిపాను. ఇంజను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పెట్రోలు తాగుతుంది, పరిగెడుతుంది. చెప్పాల్సిందంతా ట్రిమ్ గురించే.

నీళ్లలో ఉండే డ్రైవ్‌ని థ్రాటిల్ లివర్ మీద, బొటనవేలి కిందే ఉండే బటన్‌తో పైకీ కిందికీ వంచుకోవచ్చు. ఇదే ట్రిమ్. కిందికి దించితే బోటు ముక్కు దిగుతుంది, పైకెత్తితే ముక్కు లేస్తుంది. ఎద్దుబండిలో బరువు వెనక్కి జరిగితే కాడి లేచినట్టే. కాకపోతే ఇక్కడ బండి గంటకు అరవై మైళ్ల మీద ఉంటుంది.

మొదటి వేసవంతా డ్రైవ్ పూర్తిగా దించే నడిపాను. బయలుదేరేటప్పుడు అలాగే ఉండాలి, లేకపోతే ముక్కు ఆకాశంలోకి లేచి ముందేమీ కనపడదు. బోటు నీటి మీదికి లేచాక కూడా అలాగే వదిలేయడమే నా పొరపాటు. ఫుల్ థ్రాటిల్‌లో 57 మైళ్లు దాటేది కాదు, స్టీరింగ్ బరువుగా ఒక పక్కకి లాగేది. తప్పు ప్రొపెల్లర్‌దేమో అనుకున్నా. పక్క డాక్‌లో ఉండే ఒక పెద్దాయన ఓ సాయంత్రం నాతో వచ్చి, థ్రాటిల్ కదపనివ్వకుండా బటన్ మాత్రం కొద్దికొద్దిగా నొక్కమన్నారు. 46 మైళ్లు 50 అయింది. స్టీరింగ్ తేలికపడింది. నా సీటు పక్కన చిమ్ముతున్న నీళ్లు వెనక్కి జరిగిపోయాయి. ఆ నెలాఖరుకి 64 చూశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. రెండో వేసవిలో ఒక ఉదయం బావమరిదిని ఎక్కించుకుని ఇంకో రెండు మైళ్ల కోసం ట్రిమ్ ఎత్తుతూ పోయాను. 62 దగ్గర బోటు ఎడమకీ కుడికీ ఊగడం మొదలైంది. దీన్ని చైన్ వాక్ అంటారు. ఈ చైన్ గొలుసు కాదు, బోటు అడుగూ పక్కగోడా కలిసే అంచు. బోటు దాదాపు మొత్తం గాల్లో ఉండి, అడుగున కొద్ది మేరే నీటిని తాకుతూ, ఒక వాలు మీంచి ఇంకో వాలు మీదికి పడుతూ ఉంటుంది. "బావా, ఇది మామూలేనా?" అన్నాడు వాడు. కాదు. స్టీరింగ్‌తో సరిచేద్దామని చూస్తే నా చెయ్యి ప్రతిసారీ ఒక ఊపు ఆలస్యంగా పడి, ఊగడం ఇంకా పెరిగింది. చేయాల్సింది ట్రిమ్ రెండు మూడు టక్కులు దించి, థ్రాటిల్ నెమ్మదిగా తగ్గించడం. భయపడి ఒక్కసారిగా లాగేస్తే ముక్కు నీళ్లలో గుచ్చుకుని బోటు గిర్రున తిరిగిపోగలదు. నడిపేవాళ్లు కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఊడి ఇంజన్ని ఆపేసేది) తగిలించుకోవాలన్నది 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడ చట్టం. నాకు మాత్రం ఆ ఉదయం నుంచే అలవాటైంది.

తర్వాత చూపిస్తే స్టీరింగ్ దగ్గర డ్రైవ్‌లో లూజు ఉందని తేలింది. బయట బిగించే హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టించాను. నాలుగు వేల డాలర్లు పైనే అయింది, ఇంట్లో మూడు వేలని చెప్పా. ఇప్పుడు 64లో కూడా ఊగడం చాలా అరుదు. బోటు మీద పెట్టిన ఖర్చుల్లో పైసా వసూలైంది ఇదొక్కటే.

ట్రిమ్ గేజ్‌ని మాత్రం నమ్మకండి. మూడో ఏడాది సెన్సర్ పాడైతే ఒక వర్క్‌షాప్‌లో మార్చారు. సరిగ్గా సెట్ చేయకపోవడంతో డ్రైవ్ పూర్తిగా దిగి ఉన్నా ముల్లు సగం దగ్గర నిలిచేది. రెండు ట్రిప్పులు మోసపోయాను. అప్పటినుంచి చెవికే పని. ఇంజను శబ్దం పెరుగుతూ జీపీఎస్‌లో వేగం పెరగట్లేదంటే ట్రిమ్ ఎక్కువైనట్టే. ఇంజన్ని చల్లబరిచే నీటి ప్రెషర్ చూపే ముల్లు పడిపోతుంటే డ్రైవ్ నీళ్లకి బదులు గాలి పీలుస్తోందని. ముక్కు కప్పలా ఎగిరెగిరి పడుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

మలుపుకి ముందే కొంచెం దించాలి. ఎత్తి ఉంచి తిప్పితే ప్రొపెల్లర్ గాలిలో పడి, ఇంజను అరుస్తుందే తప్ప బోటు కదలదు. అలాగని వేగంలో పూర్తిగా దించి తిప్పడం ఇంకా ప్రమాదం, ముక్కు నీటిని కరుచుకుని వెనక భాగం ముందుకొస్తుంది.

శనివారం మధ్యాహ్నం లేనియర్‌లో ఇవేవీ పనికిరావు. పెద్ద క్రూజర్ల అలలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. అప్పుడు ముక్కు కాస్త దించి, ట్యాబ్‌లు (బోటు వెనక అంచున ఉండే చిన్న పలకలు) కూడా దించి 35లో వెళ్తే డీప్ వీ అలల్ని కోసుకుంటూ పోతుంది. నడుం నొప్పి ఉండదు. వెనక నుంచి అల తరుముతుంటే మాత్రం ముక్కు ఎత్తే ఉంచాలి. ఆరుగురు ఎక్కితే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లల్ని ట్యూబ్ మీద లాగడానికి ఈ రకం బోటు కొనొద్దు. మా ఆవిడ ఈ మాట కొన్న రోజే చెప్పింది.